క్వార్టర్ ఖాళీ చేశాక మనుషులూ ఖాళీ అయిపోయారు

విశాఖపట్నం మధురవాడ నుంచి ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అంతా ఇక్కడ ఇవ్వడం కుదరదు కాబట్టి సారాంశం చెప్పి, ముఖ్యమైన చోట్ల ఆవిడ మాటలే ఉంచుతున్నాను.

ఆవిడకి 59 ఏళ్లు. భర్త స్టీల్ ప్లాంటులో, బొగ్గుని కోక్‌గా మార్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసి 2021లో రిటైరయ్యారు. 1991లో ప్లాంటు టౌన్‌షిప్ అయిన ఉక్కునగరం క్వార్టర్‌లో దిగిన కుటుంబం 2022 మొదట్లో దాన్ని ఖాళీ చేసింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు మధురవాడలో కొన్న ఫ్లాటుకి మారింది. "31 ఏళ్లు ఒకే మెట్లు ఎక్కి దిగాను. ఆ మెట్ల మీద ఆరిళ్లు. ఎవరింట్లో ఏం కూరో వాసన పట్టి చెప్పేదాన్ని. వేసవిలో ఆరిళ్ల ఆవకాయ ఒకే రోజు. కాయలు తెప్పించి, కొట్టేవాణ్ణి పిలిపించి, కింద చెట్టు నీడలో దుప్పటి పరుచుకుని అందరం ముక్కలు తుడిచేవాళ్లం. లోపలి జీడి, పొర తీసే పని పిల్లలది. పోయిన వేసవిలో రైతుబజారులో కొట్టించిన ముక్కలు రెండు కిలోలు తెచ్చుకుని, టీవీ ముందు ఒక్కదాన్నే కూర్చుని తుడుచుకున్నాను. సగంలో ఏడుపొచ్చింది."

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి చెట్లన్నీ కూలిపోయి, రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఆరిళ్ల ఫ్రిజ్‌లలో ఉన్నవన్నీ తెచ్చి ఒకే గ్యాసు పొయ్యి మీద వండుకున్నారట. రాత్రిళ్లు అందరూ వీళ్ల హాల్లోనే చాపలు వేసుకుని పడుకున్నారట. ఇప్పుడున్న అపార్ట్‌మెంట్‌లో నాలుగేళ్లవుతున్నా లిఫ్టులో "బాగున్నారా" అనడం తప్ప మాటల్లేవు. "పక్క ఫ్లాటు ఆవిడ శ్రీకాకుళం మనిషి. కరివేపాకు కావాలన్నప్పుడు తప్ప మా గుమ్మం తొక్కదు" అని రాశారు.

అసలు నొప్పి ఇంకొకటి. క్వార్టర్స్‌లో ఎదురు తలుపు ఆవిడని ఈవిడ "వదినా" అని పిలిచేవారు. 1996 నుంచి 2020 దాకా ఇద్దరివీ ఎదురెదురు తలుపులు. వాళ్లు రిటైరయ్యాక దువ్వాడలో ఇల్లు కట్టుకున్నారు. పోయిన కార్తీక మాసంలో ఆ వదిన భర్తకి గుండెకి స్టెంటు వేశారు. ఈవిడకి ఆ సంగతి తొమ్మిది రోజుల తర్వాత, ఉక్కునగరం పాత సెక్టారు వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో "త్వరగా కోలుకోవాలి" అని పెడితే తెలిసింది. "మా అమ్మ పోయిన రోజు నా తల ఒళ్లో పెట్టుకున్న మనిషి. నాకు ఒక్క ఫోను చేయలేదు. నేనూ అందరిలాగే దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. ఎనిమిది నెలలైంది, ఇద్దరి మధ్యా మాటల్లేవు." ఇంకో రెండు లైన్లు ఎక్కడో మధ్యలో ఉన్నాయి. 2023లో ఆ వదిన కూతురి సీమంతానికి ఈవిడ వెళ్లలేకపోయారు. కోడలి పురుడు కోసం ఆరు నెలలు బెంగళూరులో ఉన్నారు. "పది రోజుల తర్వాత ఫోను చేసి చెప్పాను."

అడిగినవి మూడు. ఈ ఫ్లాటు అద్దెకిచ్చేసి ప్లాంటు దగ్గరి కూర్మన్నపాలెం వైపు తిరిగి వెళ్లిపోవడం మంచిదా? వదినతో తనే మాట్లాడాలా, వదిలేయాలా? మూడోది: "అదంతా నిజమైన స్నేహమేనా, లేక క్వార్టర్ ఉన్నంతవరకేనా?"

ఉత్తరం కింద చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "సామాను సర్దినప్పుడు వదిన వాళ్ల స్టీలు గిన్నె ఒకటి మాతో వచ్చేసింది. అంచు మీద అన్నయ్యగారి పేరు చెక్కి ఉంటుంది. వాడను, పారేయను. రోజూ కనబడుతుంది."

*

అమ్మా,

మీ మూడో ప్రశ్న ముందు తీసుకుంటాను. మిగతా రెండూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అది నిజమైన స్నేహమూ అవును, క్వార్టర్ వల్ల వచ్చిన స్నేహమూ అవును. క్వార్టర్ వల్ల వచ్చిందైతే అబద్ధమేమో అని మీకు అనుమానం పుట్టింది, అందుకే ఇంత కుమిలిపోతున్నారు.

నేను పెరిగింది దొండపర్తి దగ్గర రైల్వే క్వార్టర్స్‌లో. అందుకని మీరు ఆ మెట్ల గురించి రాసింది నాకు కళ్లకు కట్టింది. అక్కడ స్నేహం కోసం ఎవరూ ప్రత్యేకించి ఏమీ చేయక్కర్లేదు. మీవారు ఎ షిఫ్టుకి వెళ్లాక తలుపు తీస్తే ఎదురుగా ఆవిడ పాలప్యాకెట్టు తీసుకుంటూ ఉంటుంది. బి షిఫ్టు రోజుల్లో రాత్రి పది దాటేదాకా ఇద్దరికీ భోజనాల్లేవు, ఇద్దరూ గుమ్మాల్లోనే. సి షిఫ్టు చేసి మగాళ్లు పగలు పడుకుంటే పిల్లల్ని అరవనివ్వకుండా ఒకరింటికి తోలేయడం. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. "ఒకసారి కలుద్దాం" అన్న మాటే పుట్టలేదు, ఎందుకంటే విడిపోయింది ఎప్పుడు గనక?

దీని మీద పాత పరిశీలన ఒకటుంది. లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇద్దరు సహచరులతో కలిసి, అమెరికాలో ఎంఐటీ విద్యార్థుల కుటుంబాలు ఉండే క్వార్టర్స్‌లో ఎవరికెవరు దగ్గరయ్యారో లెక్క తీసి 1950లో ప్రచురించారు. పక్క పక్క తలుపుల వాళ్లు దగ్గరి స్నేహితులైంది నూటికి 41. అదే అంతస్తులో ఈ చివరా ఆ చివరా ఉన్నవాళ్లు నూటికి 10. మధ్యలో ఉన్నది ఒక్క వరండానే, చూడండి. అంటే మీ వదినని మీ ఎదుట నిలబెట్టింది క్వార్టర్ అలాట్‌మెంట్ కాగితమే. ఒప్పుకుందాం. కానీ ఆ మెట్ల మీద ఇంకో నాలుగిళ్లున్నాయి కదా. మీ అమ్మగారు పోయిన రోజు ఆవిడే వచ్చి కూర్చుంది. ఆ పని ఏ కాగితమూ చేయించలేదు.

కాబట్టి నాకు కనబడుతున్నది ఇది. ఇన్నేళ్లూ మీ స్నేహాన్ని మోసినవి ఆ మెట్లు, ఆ షిఫ్టులు, ఆ చెట్టు నీడ. అవి పోయాయి. ఇప్పుడు ఆ బరువు మనుషులు ఎత్తుకోవాలి. ఆవిడ ఎత్తుకోలేదని మీరు నొచ్చుకున్నారు. మీరు ఎత్తుకోలేదని ఆవిడా నొచ్చుకుని ఉండొచ్చు. ఇద్దరికీ ఈ పని కొత్త. 24 ఏళ్లలో ఒక్కసారి కూడా చేయాల్సిన అవసరం రాలేదు.

ఇక్కడ ఒక చిక్కు విడదీయాలి. మీరు పోగొట్టుకున్నవి రెండు, ఒకే మూటలో కట్టి నాకు పంపారు. ఒకటి ఊరు, అంటే ఆ సెక్టారు, ఆ ఆరిళ్లు, దారిలో ఎదురైన ప్రతి మనిషికీ మీరెవరో తెలిసి ఉండటం. రెండోది ఒక మనిషి. ఊరు తిరిగి రాదు. మీ క్వార్టర్‌లో ఇప్పుడు ఇంకెవరో గిన్నెలు కడుక్కుంటున్నారు. దానికి ఏడవాల్సిందే. ఆవకాయ ముక్కలు తుడుస్తూ ఏడ్చారని రాశారు. తప్పేం లేదు, ఇంకా ఏడవండి. ఒకరు పోతే పదో రోజు, పదకొండో రోజు అని చేస్తాం, నలుగురూ వచ్చి కూర్చుంటారు. ఊరు పోతే ఎవరూ రారు, అంతా సొంత ఫ్లాటు కొనుక్కున్నందుకు శుభాకాంక్షలు చెబుతారు. ఆ ఏడుపుకి ఎక్కడా చోటు దొరక్క అదంతా వదిన మీదికి మళ్లింది. ఎనిమిది పేజీల్లో ఐదు పేజీలు ఊరి గురించి, ఒక పేజీ వదిన గురించి. కానీ కోపం మొత్తం ఆ ఒక్క పేజీలోనే ఉంది.

ఊరు పోవడం గురించి ఇంకో మాట. మిమ్మల్ని తక్కువ చేయడానికి కాదు, నాకు ఎంతో నేర్పిన సంగతి కాబట్టి చెబుతున్నాను. ఉక్కునగరం లేవకముందు అక్కడ పల్లెలుండేవి. ప్లాంటు కోసం 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి. మా ఇంట్లో చాలాకాలం పనిచేసిన ఒకామె ఆ పల్లెల మనిషే. చిన్నప్పుడే ఊరు వదిలి అగనంపూడి వైపు నిర్వాసితుల కాలనీకి వచ్చింది. వాళ్ల ఊళ్లో ఇళ్లు, చింతచెట్టు, చెరువు ఏవీ లేవిప్పుడు. అయినా ఏటా ఒకరోజు సెలవడిగేది. "ఊరి పండగమ్మా" అనేది. ఊరే లేదు కదా అని ఒకసారి అడిగేశాను, తెలివితక్కువగా. "ఊరు నేదు గానమ్మా, ఊరోలం ఉన్నాం గదా" అంది. అమ్మవారి పేరు మీద ఆ రోజు గాజువాకలో ఉన్నవాళ్లు, పెదగంట్యాడలో ఉన్నవాళ్లు, కూలికి ఎక్కడెక్కడికో వెళ్లినవాళ్లు ఒకచోట చేరతారట. ఏడాదికి ఒక్కరోజే. దానికి ముందే తేదీ ఉంటుంది, ఎవరింట్లో వంటో ఉంటుంది, చందా ఉంటుంది. ఎవరు పిలవలేదు, ఎవరు మర్చిపోయారు అన్న పేచీ రాదు. తేదీ వస్తే అందరూ బయల్దేరతారు.

మీ ఆరిళ్ల వాళ్లకి అలాంటి తేదీ లేదు. వాట్సాప్ గ్రూపు ఉంది. దాని మీద నాకు కోపమేమీ లేదు, కానీ అది చేసే పని ఒకటి గమనించండి. కబురు చేరవేస్తుంది, మనుషుల్ని మాత్రం కదిలించదు. మునుపు ఒకాయనకి గుండెనొప్పి అంటే ఆ కబురు మీ గుమ్మానికి ఒక మనిషి రూపంలో వచ్చేది, మీరు చెంగు దోపుకుని ఆ మనిషితోనే వెళ్లేవారు. ఇప్పుడు తొమ్మిది రోజులకి ఫోనులో వచ్చింది, మీరు దండం బొమ్మ పెట్టారు. మీకు బాధ తెప్పించింది ఆలస్యం ఒక్కటే కాదనుకుంటాను. 24 ఏళ్లు ఎదురు తలుపులో ఉన్న మనిషీ, గ్రూపులో మిగతా అరవై మందీ ఒకే వరుసలో నిలబడి ఒకే బొమ్మ పెట్టడం. అందులో మీరూ ఒకరు కావడం.

ఇప్పుడు వదిన సంగతి.

మీరు కాస్త తొందరగా దాటేసిన ఆ రెండు లైన్ల దగ్గరికి మళ్లీ వెళ్దాం. సీమంతం. ఆవిడకి ఒక్కతే కూతురని మీరే రాశారు. గాజులు తొడగడానికి ఎదురు తలుపు అత్తయ్య రాలేదు. ఎందుకు రాలేదో పది రోజుల తర్వాత తెలిసింది. కారణం గట్టిదే, కోడలి పురుడు కన్నా గట్టి కారణం ఏముంటుంది? అయినా పది రోజులు. మీకు తొమ్మిది రోజులు. నేను లెక్క సరిపోయిందని అనడం లేదు. ఒక్క మాట అడుగుతున్నాను: సీమంతమైన ఆ పిల్లకి పుట్టిన బిడ్డకి ఇప్పుడు మాటలు వచ్చే వయసు. ఆ బిడ్డని మీరు చూశారా? ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఆవిడ ఎందుకు ఫోను చేయలేదో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. ఆసుపత్రిలో ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న ఆడమనిషికి డబ్బు కట్టే కౌంటరు, సంతకాలు, మందుల చీటీ తప్ప ఏమీ తోచదు. ఆ సమయంలో మనం ఎవరికి ఫోను చేస్తాం? పక్కనే ఉండి, అరగంటలో వచ్చేవాళ్లకి. మనసుకి ఎవరు దగ్గరో వాళ్లకి కాదు. మధురవాడ నుంచి దువ్వాడ వైపుకి 30 కిలోమీటర్లకు పైనే. దారిలో ఎన్ఏడీ జంక్షను దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఎంతసేపో దేవుడికే తెలియాలి. ఆవిడ మీకు చెప్పి మిమ్మల్ని పరుగెత్తించడం ఎందుకనుకుందేమో. లేదా నిజంగానే మీరు దూరమైపోయారు అనుకుందేమో. రెండూ జరగగలిగినవే.

మీ ముందున్న దారులు ఇవీ. వదిలేయొచ్చు. ఇది కూడా ఒక దారే, మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు. నెదర్లాండ్స్‌లో గెరాల్డ్ మోలెన్‌హోర్స్ట్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు 2009లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం ఏడేళ్లలో మనిషి చుట్టూ ఉండే దగ్గరివాళ్లలో సగం మంది మారిపోతారు. సంఖ్య పెద్దగా తగ్గదు, మొహాలు మారతాయి. కాబట్టి స్నేహాలు రాలిపోవడం మీ ఒక్కరి పాపం కాదు. వదిలేస్తే రోజూ గుచ్చుకోవడం కొన్నాళ్లకి తగ్గుతుంది. అయితే అన్నయ్యగారికి మళ్లీ ఏమైనా అయితే ఆ రోజు మీరు వెళ్లలేరు, వెళ్లకుండా ఉండలేరు. అది ఆలోచించుకుని వదిలేయండి.

ఫోను చేసి "నాకెందుకు చెప్పలేదు" అని అడగొచ్చు. మీ మనసు తేలికవుతుంది. కానీ ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర జవాబే ఉంటుంది గానీ మాట ఉండదు. సీమంతం బయటికొస్తుంది. పంచాయితీ అవుతుంది. ఇద్దరూ న్యాయంగానే మాట్లాడతారు, ఫోను పెట్టేశాక ఇద్దరూ ఏడుస్తారు. నేనైతే ఈ దారి ఆఖరికి పెట్టుకుంటాను.

మూడోది, వెళ్లడం. మీ దగ్గర వాళ్ల గిన్నె ఉంది. వాళ్లింటి గిన్నె మన దగ్గర ఉంటే ఏం చేస్తామో మీకు నేను చెప్పాలా? మెట్ల మీద ఆరిళ్లలో ఒక్క గిన్నె అయినా ఖాళీగా వెనక్కి వెళ్లిందా? అందులో ఒక పది సున్నుండలు పెట్టుకోండి. అన్నయ్యగారికి ఇవ్వడానికి వీలుండదేమో గానీ మనవడో మనవరాలో ఉన్నారు కదా, అది చాలు. ముందురోజు ఫోను చేసి "వదినా, రేపు వస్తున్నాను, పిల్లని చూడలేదు" అనండి. అంతే. ఆసుపత్రి మాట ఫోనులో ఎత్తొద్దు. వెళ్లాక ఆవిడే ఎత్తుతుంది. ఎత్తినప్పుడు మీ బాధ దాచుకోవద్దు కూడా. "గ్రూపులో చూసి తెలుసుకున్నాను వదినా, ఆ రోజు అన్నం తినలేదు" అనండి. ఇది నేరం మోపడం కాదు, మీకేమైందో చెప్పడం. సీమంతం మాట మీరే ముందు తీయండి.

వెళ్తే అంతా మునుపటిలా అయిపోతుందని మాత్రం అనుకోవద్దు. నా అనుభవం చెబుతాను. రైల్వే క్వార్టర్స్‌లో నాతోపాటు పెరిగిన ఒక స్నేహితురాలిని ఇరవై రెండేళ్ల తర్వాత వెతుక్కుంటూ తాటిచెట్లపాలెం వెళ్లాను. కూర్చోమంది, టీ ఇచ్చింది, పిల్లల గురించి అడిగింది. గంటసేపు టీవీ నడుస్తూనే ఉంది. రెండుసార్లు దాని వైపు చూసి నవ్వింది కూడా. బయటికొచ్చి ఆటో ఎక్కాక చాలాసేపు నోట మాట రాలేదు. బాధపడ్డాను. కానీ ఆ తర్వాత ఒక విషయం తెలిసింది: ఇరవై రెండేళ్లు నేను మోసిన అపరాధభావం ఆ ఇంట్లోనే దిగిపోయింది. ఆవిడ నన్ను తలుచుకుని కుమిలిపోవడం లేదు. తన బతుకు తనకి నిండుగా ఉంది. మీ వదిన దగ్గరా టీవీ నడుస్తూ ఉండొచ్చు. అలా అయితే గిన్నె ఇచ్చేసి, పిల్లని ముద్దు పెట్టుకుని వచ్చేయండి. ఆ తర్వాత వదిలేయడం వేరుగా ఉంటుంది, ఇప్పుడు వదిలేయడంలా ఉండదు.

మిగతా నాలుగిళ్లకి ఆ నిర్వాసితుల పద్ధతే పెట్టి చూడండి. గ్రూపులో కాదు. అక్కడ పెడితే అరవై మందీ బొటనవేలు బొమ్మ పెడతారు, ఎవరూ రారు. ఒక్కొక్కరికీ ఫోను చేయండి. కార్తీక మాసంలో అప్పికొండ సోమేశ్వరుడి దగ్గర, సముద్రం ఒడ్డున భోజనాలు మీ అందరికీ అలవాటున్నవే. ఏటా మొదటి ఆదివారం అనో, రెండో ఆదివారం అనో ఒకటి ఖాయం చేసి, ఈ ఏడాది ముగ్గురే వచ్చినా జరపండి. ముగ్గురొచ్చారని చిన్నబుచ్చుకుని మానేస్తే మాత్రం అక్కడితో సరి. సింహాచలం గిరిప్రదక్షిణ ఇంకొకటి. ఆ 32 కిలోమీటర్లు మీరు నడవక్కర్లేదు. హనుమంతవాక దగ్గర మజ్జిగ పోస్తూ నిలబడితే పాత సెక్టారు వాళ్లు సగం మంది ఆ రాత్రి మీ ముందు నుంచే నడిచి వెళ్తారు.

కూర్మన్నపాలెం తిరిగి వెళ్లడం గురించి. వెళ్లొద్దని చెప్పను. కానీ ఒక కాగితం తీసుకుని ఆ ఆరిళ్ల వాళ్లు ఇప్పుడెక్కడున్నారో రాయండి. మీ ఉత్తరంలో ఉన్నదాన్ని బట్టే ఒకరు హైదరాబాద్, ఒకరు కూతురి దగ్గర అమెరికా, ఒకరు పెందుర్తి. దువ్వాడలో వదిన, వడ్లపూడిలో ఇంకొకరు. 2005లో గాజువాకని కలుపుకుని మహా విశాఖ అయ్యాక ఊరు అటూ ఇటూ ఎంత సాగిందో, మీవాళ్లూ అంత సాగిపోయారు. మీరు అటు వెళ్తే ఇద్దరికి దగ్గరవుతారు, ముగ్గురు అప్పటికీ దూరమే. కొడుకు కొన్న ఫ్లాటు వదిలేశారన్న మాట ఇంట్లో వస్తుంది, దానికి జవాబు మీరే చెప్పుకోవాలి. నిజంగా మనసు లాగుతుంటే ముందు రెండు నెలలు చిన్న పోర్షను అద్దెకు తీసుకుని ఉండి చూడండి. సాయంత్రాలు ఎవరితో గడిచాయో రాసుకోండి. ఆ కాగితమే మీకు చెబుతుంది. దూరపు కొండలు నునుపు అంటారు. ఆ మెట్ల మీద చాడీలు కూడా ఉండేవి, ఎవరి పిల్లకి ఎంత ర్యాంకు వచ్చిందన్న పోటీ ఉండేది. మీరు ఒక్క లైనులో అదీ రాసి కొట్టేశారు. కొట్టేసినా కనబడింది.

ఇక ఇప్పుడున్న చోటు. మీరు దీనికి ఒక్క పేరానే ఇచ్చారు, నేను కొంచెం ఎక్కువ ఇస్తాను. జెఫ్రీ హాల్ అనే అధ్యాపకుడు కొత్త ఊళ్లకి మారినవాళ్లని అడిగి 2018లో ఒక లెక్క చెప్పాడు. పరిచయం మామూలు స్నేహం కావడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు, స్నేహం గట్టిపడటానికి 90, ప్రాణ స్నేహం కావడానికి 200కి పైనే. మీరు లిఫ్టులో గడిపేది రోజుకి అర నిమిషం. నాలుగేళ్లయినా ఎవరితోనూ పది గంటలు నిండి ఉండవు. అపార్ట్‌మెంట్ వాళ్లు మంచివాళ్లా కాదా అన్నది మీకు ఇంకా తెలియనే తెలియదు. రోజుకి అరగంట ఒకరితో కూర్చుంటే 200 గంటలకి 400 రోజులు. ఏడాది దాటుతుంది, నిజమే. మీ వదినతో అయినా మొదటి ఏడాది అంతే పట్టి ఉంటుంది, మీరు లెక్క పెట్టలేదు.

ఎవరితో అంటారా? ఆ శ్రీకాకుళం ఆవిడతో. కరివేపాకు కావాలన్నప్పుడు తప్ప రాదని రాశారు. మధురవాడలో రైతుబజారు ఉంది, కింద కూరల బండి వస్తుంది, పది రూపాయలకి కట్ట దొరుకుతుంది. అయినా ఆవిడ మీ తలుపు కొడుతోంది. ఊరు కాని ఊళ్లో, పలకరించడానికి ఒక సాకు వెతుక్కుంటున్న మనిషిలా ఉంది నాకు. ఈసారి వచ్చినప్పుడు గుమ్మంలోనే చేతిలో పెట్టేయకండి. "లోపలికి రామ్మా, కోసిస్తాను" అనండి. వచ్చే వేసవిలో రెండు కిలోలు కాదు, నాలుగు కిలోలు తెచ్చి ఆవిడని ముక్కలు తుడవడానికి పిలవండి. వాళ్ల వైపు ఆవకాయ పాళ్లు వేరు. దాని మీద వాదించుకోవడానికే ఒక మధ్యాహ్నం పడుతుంది. ఆవిడ రాకపోతే? రెండుసార్లు పిలిచి చూసి ఇంకొకరిని చూడండి. ఒక్క తలుపు మీద ఆశంతా పెట్టుకోవద్దు.

మీవారి గురించి మీరు ఒకే ఒక్క లైను రాశారు: "మా వారు ఏమీ మాట్లాడరు, సాయంత్రం బాల్కనీలో గాజువాక వైపు కుర్చీ వేసుకుని కూర్చుంటారు, అక్కణ్ణుంచి కొండ తప్ప ఏమీ కనబడదు." నేను ఉత్తరం మూడుసార్లు చదివాను, మూడుసార్లూ ఆ లైను దగ్గర ఆగిపోయాను. మీకు ఆరిళ్లు పోయాయి. ఆయనకి పోయింది షిఫ్టు బస్సు, క్యాంటీను టీ, కోక్ ఓవెన్స్ వేడి దగ్గర ముప్పై ఏళ్లు పక్కన నిలబడ్డ మనుషులు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని బ్లాస్ట్ ఫర్నేసులకి నదుల పేర్లూ, తల్లి పేరూ పెట్టుకుని పిలుచుకున్నవాళ్లు. 2021లో రిటైరయ్యాక కూడా ఆయన రోజూ, ప్లాంటు ప్రైవేటుపరం చేయొద్దని కూర్మన్నపాలెంలో పెట్టిన దీక్షా శిబిరానికి వెళ్లి కూర్చునేవారని మీరే రాశారు. ప్లాంటు కోసమే వెళ్లి ఉంటారు. మనుషుల కోసం కూడా వెళ్లి ఉంటారు. మధురవాడ వచ్చాక అదీ లేదు. ఆడవాళ్లం కనీసం ఎనిమిది పేజీలు రాసుకుంటాం.

దువ్వాడ వెళ్లే రోజు ఆయన్ని కూడా తీసుకెళ్లండి. మీతో రమ్మంటే రారేమో. "అన్నయ్యగారికి స్టెంటు వేశాక మనిషిని చూడలేదు కదా" అంటే వస్తారు. మీరిద్దరు ఆడవాళ్లూ వంటింట్లోకి వెళ్లి, ఆ ఇద్దర్నీ వరండాలో కాసేపు వదిలేయండి. తిరిగి వచ్చేటప్పుడు ఆయన కూర్మన్నపాలెం జంక్షనులో దిగి ఒక టీ తాగుదాం అంటే కాదనకండి. చీకటి పడినా ఫర్వాలేదు, బస్సులుంటాయి.